పాపాయి కలల పట్టిక

రాయలగుంట, భీమవరం తాలూకా
విజయ నామ సంవత్సరం, ఆషాఢ బహుళ పంచమి

చిరంజీవి అచ్యుతరాజుకు అక్కయ్య దీవెనలు.

రాజమండ్రి కాలేజీలో పంతులుగారివి అయ్యాక అక్క ఒకతె ఉందని గుర్తుంటుందా నీకు! అమ్మ పోయినప్పుడు నువ్వు నెలల గుడ్డువి. చంకనేసుకుని పెంచాను. నీకు అక్షరాలు దిద్దిస్తూనే నేనూ దిద్దుకున్నాను. సరేలే, తిట్టడానికి కూర్చోలేదు, పని ఉండి రాస్తున్నాను.

మీ బావగారు నేల మీద నడవటం లేదు. పాపాయి కడుపుతో ఉంది, నాలుగో నెల. నేను ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇవ్వలేనిది, రెండో పెళ్ళాం రెండేళ్ళు తిరక్కుండా ఇస్తోంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, పోలవరం వైపు వాళ్ళు. తల్లి లేదు, అందుకని పురుడు కూడా ఇక్కడే. “కడుపుతో ఉన్న మనిషి ఒంటరిగా పడుకోకూడదు సుభద్రా, నువ్వు పెద్దదానివి, పక్కన పడుకో” అన్నారు ఆయన. నా సవతికి నేను కాపలా! కడుపు మండిపోయినా, అలాగేనండి అన్నాను.

అసలు సంగతికి వస్తాను. మా అత్తగారు పెట్టిన ఆచారం ఒకటి ఉంది ఈ ఇంట్లో. కడుపుతో ఉన్న కోడలు పొద్దున్న నిద్ర లేవగానే, ఇంకెవరితోనూ మాట్లాడకుండా, వచ్చిన కల మొగుడికి చెప్పాలి. కడుపులో బిడ్డే ఆ కలలో మాట్లాడుతుందిట. కలలో ఏది అడిగితే అది ఇంట్లో జరిగి తీరాలి. నాకు ఆ భాగ్యం పట్టలేదు గనక ఇన్నాళ్ళూ ఆ మాటే మరిచిపోయాను. ఇప్పుడు పాపాయి రోజూ చెబుతోంది. మొన్న పనసతొనలు కలలోకి వస్తే ఆయన రామచంద్రపురానికి మనిషిని పరుగెత్తించారు. నిన్న నా మొలనున్న తాళాల గుత్తి వచ్చిందిట. ఆ పిల్ల అమాయకంగానే చెప్పింది. ఆయన మాత్రం నా మొల వైపు చూశారు.

ఆ గుత్తి పోతే ఈ ఇంట్లో నేను ఎవరిని అచ్యుతం? వంటమనిషికైనా జీతం ఉంటుంది.

పోయిన వేసవిలో వచ్చినప్పుడు నువ్వొక మాట అన్నావు. కలలు దేవుడు పంపేవి కావు, మనం తయారు చేయవచ్చు అని. అప్పుడు పకపకా నవ్వాను. ఇప్పుడు నవ్వను. ఎలాగో వివరంగా రాయి.

మీ అక్కయ్య
సుభద్రాయమ్మ


రాజమహేంద్రవరం
శ్రావణ శుద్ధ తదియ

పూజ్యురాలైన అక్కయ్యకు అచ్యుతం నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. ఇక్కడ మా తోటి పంతుళ్ళు కలల శాస్త్రం అంటే పంచాంగం అనుకుంటారు. నువ్వొక్కదానివే సరైన ప్రశ్న వేశావు.

నిద్రలో కళ్ళు మూతపడతాయి గాని, చెవికీ ముక్కుకూ చర్మానికీ మూతలు లేవు. బయటి నుంచి ఏది తగిలినా నిద్రపోతున్న మెదడు దాన్ని పట్టుకుంటుంది. పగలు విన్నవీ చూసినవీ దానికి అతికించి కథ అల్లేస్తుంది. అదే కల. ఫ్రాన్సు దేశంలో ఒక పండితుడు తాను నిద్రపోతుండగా ఇంకొకరి చేత పరీక్షలు చేయించుకున్నాడు. నుదుటి మీద నీటిబొట్టు వేస్తే, వేడిదేశంలో చెమటలు కక్కుతున్నట్టు కల వచ్చింది. ముక్కు దగ్గర పరిమళం పెడితే అత్తరు అంగడిలో తిరిగాడు.

నువ్వు చేయవలసింది ఇది. తెల్లవారుజామున గాని, మధ్యాహ్నం భోజనం అయ్యాక గాని చూడు. అప్పుడు నిద్ర పలచగా ఉంటుంది. రెప్పల కింద కళ్ళు కదులుతూ ఉంటే కల నడుస్తోందన్నమాట. అప్పుడు ఏదైనా తగిలించి, నూరు లెక్కపెట్టి, లేపు. లేచి కూర్చోకముందే అడుగు. ఒళ్ళు కదిలిస్తే కల జారిపోతుంది. తిథి, ఏమి తగిలించావు, ఏమి కల వచ్చింది, ఈ మూడూ వ్రాసి పంపు. నేను పట్టిక కడతాను.

ఘోషా ఇంట్లో ఆడవాళ్ళ గదిలోకి నేను రాలేను. నువ్వే నా కళ్ళు అనుకో. మన దేశంలో ఈ పని ఇంతవరకూ ఎవరూ చేసినట్టు నేను చదవలేదు.

అచ్యుతం


రాయలగుంట
శ్రావణ బహుళ ఏకాదశి

చిరంజీవి అచ్యుతానికి,

ఒరేయ్, మంత్రం వేసినట్టు పనిచేసింది!

శుక్రవారం మధ్యాహ్నం తడిగుడ్డ పిండి పాపాయి పాదాల మీద వేశాను. నూరు లెక్కపెట్టి లేపాను. “కాలవ గట్టు తెగిందండి అక్కగారూ, మోకాళ్ళదాకా నీళ్ళు వచ్చేశాయండి, మీరేమో అరుగు మీద నిలబడి నవ్వుతున్నారండి” అంది. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ తడిగుడ్డ. మళ్ళీ వరదే. లేవగానే మొగుడికి చెప్పింది. ఇంకేముంది, ఆయన పదిమంది పాలేర్లను వెంటేసుకుని వెళ్ళి గట్టంతా పొడిచి చూసి వచ్చారు. వడ్లబస్తాలు అటక మీదకి ఎక్కించారు. నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వాను. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో.

వేపాకు పొగ పెడితే వంటిల్లు అంటుకుందంది. అరికాలు మీద ఈక రాస్తే జెర్రి పాకిందంది. అన్నీ వేరే కాగితం మీద రాసి పెట్టాను, మొత్తం తొమ్మిది.

ఆ పిల్లకి అనుమానమే లేదు. “మీరు పక్కన ఉంటే నాకు భయం లేదండి” అంటుంది. నా కొంగు పిడికిట్లో పెట్టుకుని పడుకుంటుంది. దాని వేళ్ళు విప్పి, లేచి, గుడ్డ తడపాల్సి వస్తోంది నాకు.

అయితే వరదలూ జెర్రులూ వస్తే నాకు ఒరిగేదేమిటి? ఇంకేమన్నా ఉందా నీ పుస్తకంలో?

అక్కయ్య


రాజమహేంద్రవరం
భాద్రపద శుద్ధ విదియ

ప్రియమైన అక్కయ్యకు,

తొమ్మిదికి తొమ్మిది! రెండు రోజులుగా అన్నం సహించటం లేదు సంతోషంతో. కాకపోతే ఆమె రాత్రి ఏమి తిన్నదో, ఏ పక్కకు తిరిగి పడుకుందో నువ్వు వ్రాయలేదు. ఇక ముందు వ్రాయి.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. ఎన్నడూ చూడని మనిషిని కలలో చూపించగలమా? వాసన మిగతా అన్నిటికంటె లోతుగా వెళుతుంది. ఒక మనిషిని గురించి పది రోజులు పగటిపూట కథలు చెప్పు. చెప్పేటప్పుడల్లా ఒకే వాసన దగ్గర ఉంచు. తరువాత నిద్రలో ఆ వాసన ఒక్కటే చూపించు. మనిషి వస్తాడా రాడా? అది తేలిందంటే నేను చెన్నపట్నంలో శాస్త్రజ్ఞుల సభలో ఈ పట్టిక చదువుతాను.

ఎవరిని ఎంచుకోవాలన్నది నీ ఇష్టం.

అచ్యుతం


రాయలగుంట
భాద్రపద బహుళ సప్తమి

అచ్యుతానికి,

మా అత్తగారిని ఎంచుకున్నాను.

ఆవిడ సంపెంగ నూనె సీసా నా పెట్టెలో ఉండిపోయింది. పది రోజులు పాపాయికి తలదువ్వుతూ, ఆ నూనె రాస్తూ, ఆవిడ కథలు చెప్పాను. వెండి పొన్ను కర్ర, ఆ కర్ర చప్పుడు, పై పళ్ళు రెండు లేకపోవడం, మనవడు కావాలని తపించి తపించి పోవడం. పదకొండో రోజున దాని తల బాగా కడిగించి, మధ్యాహ్నం దూది మీద చుక్క నూనె వేసి ముక్కు దగ్గర పట్టాను. ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో నాటి తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచి, నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా తిన్నగా ఆయన దగ్గరికి పరుగెత్తింది.

“కర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చారండి. పై పళ్ళు రెండు లేవండి. నా పొట్ట వైపు చూస్తూ కూర్చున్నారండి.”

ఆయన మంచం మీద నుంచి దిగి కింద చతికిలబడ్డారు. “అమ్మే! అమ్మ పోయి ఆరేళ్ళయింది. పళ్ళ సంగతి దీనికెలా తెలుసే సుభద్రా?” అన్నారు. నేను వెనకే వచ్చి, ఏమీ ఎరగనట్టు గుమ్మం పక్కన చల్ల చిలుకుతున్నాను. “ఏమోనండి, నాకేం తెలుసు” అన్నాను. చెప్పింది నేనేనని పాపాయి అనేస్తుందేమోనని కవ్వం ఆపి విన్నాను. అది అనలేదు. పెద్దవాళ్ళ మాటకి అడ్డు రాదు ఆ పిల్ల.

ఆయన పసిపిల్లాడిలా ఏడ్చారు. “అమ్మ ఏమడిగింది? ఏమడిగిందో చెప్పు” అని దాన్ని పట్టుకు కుదిపారు. ఏమీ అడగలేదండి అంది.

ఇప్పుడు అడగాలి. చెవిలో మాట చెబితే కలలో వినపడుతుందా?

అక్కయ్య


రాజమహేంద్రవరం
భాద్రపద బహుళ త్రయోదశి

అక్కయ్యకు,

వినపడుతుంది. రెండు మూడు మాటలు మించకూడదు. ప్రతిసారీ అవే మాటలు, అదే గొంతు. ముందు వాసన, వెనక మాట.

పిల్లకు హాని కలిగే మాట చెప్పవద్దు అక్కయ్యా. ఒకవేళ చెబితే మాత్రం, ఏమి చెప్పావో ఉన్నదున్నట్టు వ్రాయి. పట్టికలో అబద్ధం ఉండకూడదు.

చెన్నపట్నం సభవారు పుష్యమాసంలో చదవమన్నారు. ముప్ఫై కలలైనా ఉండాలి.

అచ్యుతం


రాయలగుంట
ఆశ్వయుజ బహుళ చవితి

అచ్యుతానికి,

ఉన్నదున్నట్టు రాయమన్నావుగా, రాస్తున్నాను. “బిడ్డ నాది. నాకిచ్చెయ్.” ఇదే నేను చెప్పింది. మా అత్తగారి గొంతులా కాస్త బొంగురుగా చెప్పాను.

అయిదుసార్లు చెప్పాను, నాలుగుసార్లు వచ్చింది. మధ్యమధ్య వచ్చిన మిగతా కలలన్నీ వేరే కాగితం మీద ఉన్నాయి. మొదటిసారి ముసలావిడ చెయ్యి చాపింది. చివరిసారి పాపాయి గుండెల మీద కూర్చుని పొట్టలోకి చెయ్యి పెట్టిందిట. ఆ పిల్ల వెంటనే వెళ్ళి ఆయనకి చెప్పింది. చెప్పకపోతే తప్పని దానికి భయం.

కలలో అడిగింది ఇచ్చి తీరాలి కదా ఈ ఇంట్లో. అందులోనూ అడిగింది ఎవరు, కన్నతల్లి. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజున “అమ్మది అమ్మకే పోనీ” అన్నారు. సీమంతం మానేశారు. ఉయ్యాల చేయిస్తున్న వడ్రంగిని పంపేశారు. మంత్రసానిని పిలవద్దన్నారు. పాపాయిని వెనక ధాన్యపు గదిలో పడుకోబెట్టించి, ఆ గుమ్మం తొక్కటం మానేశారు. తాళాల గుత్తి నా మొలనే ఉంది. గెలిచాను అచ్యుతం.

గెలిచాను గాని, ఒక సంగతి. ఆ పిల్ల నిద్ర మానేసింది. పడుకుంటే ఆవిడ వస్తుందని, జుట్టు కొసకి తాడు కట్టి కిటికీ ఊచకి బిగించుకుని కూర్చుంటోంది. తల వాలితే జుట్టు లాగి మెలకువ వస్తుంది. ఉల్లిపాయ కోసి కళ్ళకి రాసుకుంటోంది. ఇవాళ్టికి నాలుగో రోజు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఏడో నెల నిండింది. అన్నం కలుపుతూ కలుపుతూ ఎవరో పిలిచినట్టు ఆగిపోతుంది. నాకు భయంగా ఉంది రా. నేను కోరింది ఇది కాదు. ఆయన మనసు విరగాలనుకున్నాను, అంతే.

ఇంకా వదలదు నా కొంగు. “మీరైనా నన్ను విడిచిపెట్టలేదండి” అంటుంది.

నిద్ర లేకపోతే ప్రమాదమా? ఆస్పత్రిలో డాక్టరుని అడిగి వెంటనే రాయి. ప్రమాదమంటే చెప్పు, అంతా నేనే చేశానని దానికి చెప్పేస్తాను. గుత్తి పోతే పోయింది.

అక్కయ్య


రాజమహేంద్రవరం
ఆశ్వయుజ బహుళ దశమి

అక్కయ్యకు,

ప్రమాదమేమీ లేదు. నిద్ర తనంతట అదే వస్తుంది.

నిద్రను ఆపితే, మెలకువలోనే రెప్పపాటు కలలు వస్తాయని చదివాను. అన్నం కలుపుతూ ఆగిపోయినప్పుడు ఏమి చూసిందో అడిగి వ్రాయి. అది ఎవరికీ దొరకని సమాచారం. ఇప్పుడు ఆమెకు నిజం చెబితే చేసిందంతా వృథా అవుతుంది. ఇరవై ఆరు దగ్గర ఉన్నాం. ఇంకా నాలుగు.

అచ్యుతం


రాయలగుంట
కార్తిక శుద్ధ అష్టమి

అచ్యుతానికి,

పాపాయి పోయింది.

నీ ఉత్తరం అందిన రోజునే. ప్రమాదం లేదన్నావుగా, నా మనసు కుదుటపడింది. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి “నిద్ర ముంచుకొస్తోందండి, కాసేపు కబుర్లు చెప్పండి అక్కగారూ” అంది. నాకు పనుంది పోవే అన్నాను. పనేమీ లేదు. నీ ఉత్తరం రెండోసారి చదువుకుందామని.

ముఖం కడుక్కుందామని పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళింది. గాలికి మెలకువగా ఉంటుందనుకుందో ఏమో, నూతి వర మీద కూర్చుంది. పట్టపగలు, ఎండ మండిపోతుండగా, అక్కడే నిద్రపోయింది. దొడ్డిగుమ్మంలో వడ్లు దంచుతున్న మనిషి చూసింది. దూకలేదమ్మా, తూలలేదమ్మా, పసిపిల్ల ఉయ్యాల్లో ఒరిగినట్టు వెనక్కి ఒరిగింది అని చెప్పింది. పైకి తీసేటప్పటికి ఇద్దరూ లేరు. మగబిడ్డట.

జుట్టు కొసన ఇంకా ఆ తాడు ముక్క ఉంది. నేనే విప్పాను.

అక్కయ్య


రాయలగుంట
మార్గశిర శుద్ధ పంచమి

నాయనా అచ్యుతం,

నెల కావస్తోంది, జవాబు లేదు. కోపమా? కోప్పడు, పడతాను. కానీ రాయి.

కళ్ళు మూస్తే వస్తోంది. తిట్టదు, ఏడవదు. తడి పాదాలతో వచ్చి నా పక్కన కూర్చుని నూరు లెక్కపెడుతుంది. ఒకటీ, రెండూ, మూడూ... నూరు కాగానే నాకు మెలకువ వస్తుంది. సంపెంగ సీసా పగలగొట్టి కాలవలో పారేయించాను. అయినా గదంతా అదే వాసన. కేకలు పెడుతున్నానుట.

ఆయన గురించి ఏం చెప్పను. పెద్దకర్మ కాగానే మళ్ళీ సంబంధం చూసుకున్నారు. మాఘంలో పెళ్ళి. పెళ్ళికూతురు ఎవరో తెలుసా? మన నరసాపురం పిన్ని కూతురు బంగారమ్మ. సెలవులకి వెళ్ళినప్పుడల్లా నువ్వు చదువు చెప్పావే, ఆ పిల్లే. తాళాల గుత్తి అడిగి తీసుకున్నారు. నేను ఇచ్చేశాను. కొత్తమ్మాయి ఇల్లు అలవాటయ్యేదాకా నా గదిలోనే పడుకుంటుందిట.

ఇంట్లో చావు జరిగితే, పుట్టింటివాళ్ళు వచ్చి నిద్ర చేయించడానికి తీసుకెళ్ళాలి కదా. ఒక్క రాత్రి ఇంకొక ఇంటి కప్పు కింద పడుకుంటే మనసు తేలికవుతుందని పెద్దవాళ్ళు పెట్టారు. నాకు పుట్టిల్లంటే నువ్వే. వచ్చి తీసుకెళ్ళు నాయనా. ఒక్క నిద్ర. నీకు రావడం కుదరకపోతే నిద్రకి మందన్నా పంపు. చంకనేసుకు పెంచిన చేతులతో దణ్ణం పెడుతున్నాను.

అక్క


రాజమహేంద్రవరం
పుష్య శుద్ధ ద్వాదశి

సుభద్రాయమ్మగారికి,

మీ ఉత్తరాలు రెండూ చేరాయి. చెన్నపట్నం వెళ్ళి రావడంతో ఆలస్యమైంది. సభవారు ఇరవై ఆరు కలల పట్టికనే చాలా మెచ్చుకున్నారు. దొరలు ఇద్దరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మీరు ఆశ్వయుజంలో అడిగిన ప్రశ్నకు ఇక్కడి డాక్టరుగారు ఆ రోజే జవాబు చెప్పారు. ఏడు నెలల గర్భిణి అన్ని రోజులు నిద్రపోకపోతే దక్కదు, వెంటనే మందిచ్చి నిద్రపుచ్చాలి అన్నారు. క్లోరల్ అనే మందు సీసా ఒకటి ఇచ్చారు కూడా. అది నా బల్ల మీద ఉంది. పంపితే పట్టిక ఇరవై ఆరు దగ్గర ఆగిపోతుందని పంపలేదు. మీకు ఇది చెప్పకపోయినా సరిపోయేది. పట్టికలో అబద్ధం ఉండకూడదన్నది నేనే గనక చెబుతున్నాను. మీ ఉత్తరాలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. బావగారికి వాటితో పని పడదనే ఆశిస్తాను.

సభలో ఒక ప్రశ్న వచ్చింది. నిద్రపోయేవారికి కల కల్పించిన మనిషికి, తరువాత ఎలాంటి కలలు వస్తాయి? నేను జవాబు చెప్పలేకపోయాను. చెప్పగలిగినవారు మీరొక్కరే.

అందుచేత మందు పంపడం లేదు. నిద్ర చేయించడానికి తీసుకురావడం కూడా కుదరదు. గది మారితే, మంచం మారితే కల మారిపోతుంది. అదే గదిలో, అదే మంచం మీద పడుకోండి. నూరు లెక్క సరిగ్గా ఎక్కడ ఆగుతుందో గమనించండి. సీసా పగలగొట్టడం పొరపాటు. వేరే సంపెంగ నూనె ఈ కవరుతో పాటు మనిషి చేత పంపుతున్నాను.

నిద్రలో ఉన్న మీరు మీ కలలను మీరే గమనించి వ్రాయలేరని తెలుసు. బంగారమ్మకు నేను నేర్పిన దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. మాఘంలో ఎలాగూ మీ పక్కనే పడుకుంటుంది గదా. ఆమెకు ఈ ఉదయమే ఉత్తరం వేశాను. దూది ముక్కుకు ఎంత దూరంలో పట్టుకోవాలో అందులో వివరంగా వ్రాశాను.

ఇట్లు
అచ్యుతరాజు